నమూనాల బల్ల: చేతక్ అద్దానికి పట్టిన తెలుపు

ప్రశ్న: మా నాన్నగారు సైన్యంలో చేతక్ హెలికాప్టర్ల మెకానిక్‌గా పనిచేశారు. వచ్చే నెల ఆయనకు డెబ్బై అయిదు నిండుతాయి. ఆయనకు తెలియకుండా, బొమ్మల కిట్లు చేసే హెల్లర్ కంపెనీ వారి అలూయెట్-3 (చేతక్‌కు మూలమైన ఫ్రాన్సు హెలికాప్టర్) కిట్ తెప్పించి, 1/72 కొలతలో, అంటే అసలులో డెబ్బై రెండో వంతులో, చేతక్ చేస్తున్నాను. ముందు అద్దాన్ని సూపర్ గ్లూతో అతికించాను. తెల్లవారి చూస్తే లోపలంతా పొగ పట్టినట్టు తెల్లబడింది. పారేయాలా? ఇంకా ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, కె.ఆర్. పురం, బెంగళూరు

జవాబు: పారేయకండి. పాడైంది ప్లాస్టిక్ కాదు, దాని పైపొర. సూపర్ గ్లూ ఆరేటప్పుడు ఆవిరి వస్తుంది. మూసిన చోట ఆ ఆవిరికి బయటికి దారి ఉండదు కాబట్టి అద్దం మీదే తెల్లగా పేరుకుంటుంది. మీ వేళ్ళు తగిలిన చోట ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది చూడండి. పోలీసులు వేలిముద్రలు బయటపెట్టేది కూడా ఈ ఆవిరితోనే!

మోడల్‌ను ఓ గంట ఫ్రీజర్‌లో పెట్టండి. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి, మా ఇంట్లో ఓసారి బఠానీలతో పాటు బయటికి వచ్చింది. చలికి ఆ జిగురు పెళుసుబారుతుంది. అప్పుడు సన్నటి బ్లేడుతో మెల్లగా కదిపితే అద్దం ఊడి వస్తుంది. తెల్ల టూత్‌పేస్టు, అదీ జెల్ రకం కానిది, కాస్త దూదికి అద్ది చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దండి. పావుగంటకు మెరుపు తేలుతుంది. కడిగి ఆరబెట్టి, పారదర్శకమైన ఆక్రిలిక్ వార్నిష్‌లో ముంచి తీసి, దుమ్ము పడకుండా గిన్నె బోర్లించండి. ఈసారి అతికించడానికి ఫెవికాల్ చాలు. చుక్క నీళ్ళు కలిపి పుల్లతో అంచు వెంబడి పూయండి, ఎక్కువైనది తడి దూదితో తుడిచేయండి. తెల్లగా ఉన్నా ఆరితే కనబడదు. మన బెంగళూరు వానాకాలంలో మాత్రం రెండు రాత్రులు ముట్టుకోవద్దు.

అద్దం తిరిగి మూసేముందు మోడల్‌ను మూడు చక్రాల మీద నిలబెట్టి చూడండి. తోక నేలకు వాలితే ముందువైపు బరువు పెట్టాలి. ముక్కంతా అద్దమే అయినప్పుడు బరువు ఎక్కడ దాస్తాం? సీట్ల అడుగున. చేపల గాలానికి కట్టే సీసం గుండ్లు రెండు మూడు సరిపోతాయి.

ఇక రెక్కలు. ఇక్కడ నా పరువు పోయిన సంగతి చెప్పాలి. ఈ ఊళ్ళోనే విమానాల పనిలో ముప్పై ఏళ్ళు ఫిట్టర్‌గా ఉన్నాను కదా అన్న ధీమాతో మొదటి చేతక్ చేసి, మా పాత మేస్త్రీ గారి చేతిలో పెట్టాను. ఆయన రంగు చూడలేదు, అద్దం చూడలేదు. ఒక రెక్క అంచును గోటితో తడిమి, "ఏమోయ్, ఇది ఎటు తిరుగుతుంది?" అన్నారు. మూడు రెక్కలూ తిరగేసి పెట్టాను! పైనుంచి చూస్తే చేతక్ రెక్కలు గడియారం ముల్లు వైపే తిరుగుతాయి. అమెరికా వాళ్ళ హ్యూయీ హెలికాప్టర్ రెక్కలు తిరిగేది దానికి ఎదురు. ఆ బొమ్మలు చూసి చూసి చెయ్యి అటే పోయింది. మందమైన అంచు తిరిగే దిక్కుకు ముందు, పలచటి అంచు వెనుక ఉండాలి. మీ నాన్నగారు కూడా మొదట చూసేది అదే, రాసిపెట్టుకోండి. ఆగి ఉన్న హెలికాప్టర్ రెక్కలు కొసల దగ్గర కాస్త వాలతాయి. వేడినీళ్ళలో ముంచి వేళ్ళతో కొద్దిగా వంచండి. అసలు హెలికాప్టర్ రెక్కలు తిరిగే వలయం అడ్డుకొలత 11.02 మీటర్లు, మీ బల్ల మీద 15.3 సెంటీమీటర్లు. అందుకని వంపు కంటికి ఆనీ ఆననంత చాలు.

ఆర్టూస్ట్ ఇంజను కప్పు లేకుండా వీపు మీదే కూర్చుంటుంది. అక్కడ సన్నటి రాగి తీగతో నాలుగు గొట్టాలు చేసి పెడితే మెకానిక్ కళ్ళు వాటి మీదే నిలుస్తాయి. ఎస్.పి. రోడ్డులో ఆ తీగ దొరుకుతుంది. పొగగొట్టం దగ్గర మసికి పెన్సిల్ పొడి చాలు. రంగు సైన్యం వారి ఆలివ్ ఆకుపచ్చే, అయితే డబ్బాలోది డబ్బాలో ఉన్నట్టే వేస్తే చిన్న బొమ్మ మీద నల్లగా కనిపిస్తుంది. చుక్క తెలుపు కలపండి. హెలికాప్టర్ మీద రాసే నంబరు మాత్రం ఊహించి వేయకండి. నాన్నగారి పాత ఫోటోల పెట్టె ఆయన నిద్రపోయినప్పుడు తెరవండి.

ప్రశ్న: చేతక్ కిట్‌తోనే చీతా హెలికాప్టర్ చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, జయనగర్

జవాబు: కుదరదమ్మా. చేతక్‌కు మూలం ఫ్రాన్సు వారి అలూయెట్-3, అంటే భరతపక్షి. మన దగ్గరికి వచ్చి రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టుకుంది. చీతాకు మూలం లామా అనే మరో ఫ్రాన్సు హెలికాప్టర్. ఇంజను ఆ కుటుంబానిదే గానీ ఒళ్ళు వేరు. చక్రాలకు బదులు నేలకు ఆనే పట్టాలు, మూసిన తోకకు బదులు కడ్డీల జాలీ. 1972లో ఫ్రాన్సు పైలట్ జాన్ బూలే 12,442 మీటర్ల ఎత్తుకు ఎక్కి రికార్డు పెట్టింది లామా మీదే. ఆ జాలీని తీగలతో అల్లుదామని నేను రెండుసార్లు కూర్చున్నాను. రెండుసార్లూ తోక వంకరపోయింది. రెండూ అట్టపెట్టెలోనే ఉన్నాయి.