గ్యాసా, కట్టెలా: విందు వంటకు ఏది గిట్టుబాటు?

ప్రశ్న: మా నాన్నగారు పెళ్లిళ్లకు గాడిపొయ్యి తవ్వించి కట్టెల మీదే వండించేవారు. ఈ ఏడాది నుంచి క్యాటరింగ్ నేను చూసుకుంటున్నాను. సిలిండర్ ధర చూస్తే కట్టెలే చవకనిపిస్తోంది. పైగా పెద్ద విందులప్పుడు సిలిండర్ సగం ఉండగానే మంట చిన్నబోతోంది. గ్యాసు తక్కువ నింపుతున్నారేమోనని మా వంటవాళ్ల అనుమానం. ఏది మేలు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు వంటవాళ్ల అనుమానం సంగతి చూద్దాం. మంట చిన్నబోయినప్పుడు సిలిండర్ కింది భాగాన్ని చేత్తో తాకి చూడండి. చల్లగా, చెమ్మగా ఉంటుంది. ఒక్కోసారి తెల్లటి మంచు పొర కూడా కడుతుంది. లోపల ఉన్నది ద్రవం. అది ఆవిరైతేనే పొయ్యికి గ్యాసు అందుతుంది, ఆవిరి కావడానికి కావలసిన వేడిని తన నుంచీ, చుట్టూ ఉన్న ఇనుప గోడ నుంచీ, బయటి గాలి నుంచీ లాక్కుంటుంది. రెండు మూడు పెద్ద బర్నర్లను ఒకే సిలిండర్‌కు తగిలిస్తే, బయటి వేడి లోపలికి చేరేలోపే పొయ్యిలు గ్యాసును లాగేస్తాయి కాబట్టి ద్రవం చల్లబడి ఒత్తిడి పడిపోతుంది. మాఘమాసపు తెల్లవారుజామున ఇడ్లీ పాత్ర ఎక్కించే వేళకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

అయినా నమ్మకం కుదరకపోతే, ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే ముద్రించి ఉంటుంది. సీలు విప్పకముందే తూచి ఆ బరువు తీసేస్తే వాణిజ్య సిలిండర్‌లో 19 కిలోలు తేలాలి.

మంట తగ్గిందని సిలిండర్ మీద సలసల కాగే నీళ్లు పోయించకండి, పక్కకు పడుకోబెట్టించకండి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే గొట్టంలోకి దూకి మంట ఒక్కసారిగా ఎగసిపడుతుంది. రెండు మూడు సిలిండర్లను నిలబెట్టి, మ్యానిఫోల్డ్ అనే ఉమ్మడి పైపుకు కలిపించుకుంటే ఒక్కోదాని మీద భారం తగ్గుతుంది. ఆ పని ఏజెన్సీ పంపే మెకానిక్ చేత చేయించాలి.

ఇక ఖర్చు. కిలో ధరను కిలో ధరతో పోల్చడం వల్లనే కట్టెలు చవకగా కనిపిస్తాయి. పోల్చవలసింది గుండిగకు చేరిన వేడిని. కిలో ఎల్పీజీలో సుమారు 11,000 కిలో కేలరీలు ఉంటే, బాగా ఎండిన కట్టెలో 3,500 అటూఇటూగా ఉంటాయి. పెద్ద బర్నర్ మీద గ్యాసు వేడిలో దాదాపు సగం గిన్నెకు అందుతుంది. గాడిపొయ్యిలోనో, పదింట ఒక వంతు అందితేనే గొప్ప. మిగిలింది గాలికీ, మట్టికీ, వంటవాడి ముఖానికీ పోతుంది. ఈ లెక్కన ఒక్క 19 కిలోల సిలిండర్ చేసే పనికి దాదాపు మూడు క్వింటాళ్ల కట్టెలు కావాలి. మీ ఊళ్లో అన్ని కట్టెల ధర, దానికి బండి కిరాయి, చీల్చే కూలి కలిపి సిలిండర్ ధర పక్కన పెట్టి చూడండి. బాపట్ల వైపు సరుగుడు తోటల నుంచి చవకగా దొరికితే లెక్క మారవచ్చు. పచ్చికట్టె అయితే మాత్రం ఉచితంగా ఇచ్చినా నష్టమే, దాని బరువులో చాలా భాగం నీరే, ఆ నీటిని ఆవిరి చేయడానికే కొంత వేడి పోతుంది.

నన్నడిగితే అన్నం, పప్పు, గారెల బాణలి గ్యాసు మీదకు మార్చేయండి. బిర్యానీ దమ్ముకు మూత మీద పోసే నిప్పుల కోసం మాత్రం తుమ్మ కట్టెను వదులుకోవద్దు. ఆ పని ఏ బర్నరూ చేయలేదు.

మరో మాట. వాణిజ్య సిలిండర్ ధరను సాధారణంగా ప్రతి నెలా ఒకటో తేదీన సవరిస్తారు. మూడు నెలల ముందే ప్లేటుకు ఇంతని ఒప్పుకునేవారు ఆ తేడాను కలుపుకోవాలి. ధర మండిపోతోందని 14.2 కిలోల ఇంటి సిలిండర్లు తెప్పించడం చట్టరీత్యా నేరం.

ప్రశ్న: మా హోటల్ వీధికి పైపు గ్యాసు వచ్చింది. పాత పొయ్యిలే వాడుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పొయ్యి అదే ఉండవచ్చు గానీ జెట్లు, అంటే గ్యాసు చిమ్మే సన్నని రంధ్రాలున్న ముక్కలు, మార్పించాలి. పైపులో వచ్చేది ప్రధానంగా మీథేన్. ఎల్పీజీ కోసం చేసిన సన్నని రంధ్రం దానికి చాలదు, మంట నీరసంగా వస్తుంది. గ్యాసు లీకును పసిగట్టే పరికరం మీ వంటగదిలో ఉంటే దాని చోటు కూడా మారాలి. ఎల్పీజీ గాలికంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది; మీథేన్ తేలిక, పైకప్పు దగ్గర చేరుతుంది. పరికరాన్ని గడప ఎత్తు నుంచి తీసి పైన బిగించండి, ఎగ్జాస్ట్ ఫ్యాను కన్నాన్ని అట్టపెట్టెలతో మూసి ఉంటే ఆ రోజే తెరిపించండి.