స్ట్రోక్ తర్వాత రోబోటిక్ గ్లవ్ తొడుక్కుంటే చెయ్యి మళ్ళీ పనిచేస్తుందా?

ఊరికే తొడుక్కుంటే రాదండీ, వేళ్ళని తనే కదిపే ఈ గ్లవ్ వేసుకుని మీరు కూడా ప్రయత్నిస్తూ రోజూ ప్రాక్టీస్ చేస్తే కొంత మెరుగవ్వచ్చు. ఎందుకంటే స్ట్రోక్‌లో దెబ్బతినేది మెదడు, చెయ్యి కాదు కదా, వేళ్ళు తెరవాలని మెదడు అనుకోవడం, అదే క్షణంలో వేళ్ళు నిజంగా తెరుచుకోవడం, ఈ రెండూ మళ్ళీ మళ్ళీ కలిస్తేనే మిగిలిన నరాలు కొత్త దారి పట్టుకుంటాయి. 2021లో అమెరికా ఎఫ్‌డీఏ (మందులకి, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే సంస్థ) అనుమతిచ్చిన ఇప్సీహ్యాండ్ అనే పరికరాన్నే చూడండి, తలకి పెట్టుకునే సెన్సర్లు మెదడులో దెబ్బతినని వైపు నుంచి సిగ్నల్ పట్టుకుంటాయి, మనిషి చెయ్యి కదపాలనుకున్నప్పుడే చేతికి తొడుక్కున్న రోబో పట్టీ (బ్రేస్) పిడికిలి తెరుస్తుంది (అనుకోకపోతే కదలదు, కిటుకంతా అక్కడే ఉంది). స్ట్రోక్ వచ్చి ఆర్నెల్లు దాటితే ఇంక లాభం లేదనుకుంటారు చాలామంది, అది తప్పు, ఈ పరికరానికి అనుమతి ఇచ్చిందే ఆర్నెల్లు దాటినవాళ్ళ కోసం.