ఒడ్డు మీద పడవలో నీళ్ళు: అల్లుడికి ఉత్తరం

గోపాల్‌పూర్

అల్లుడూ,

దీవెనలు. నువ్వు పంపిన ఫొటో చూశాను. తెరచాప, మోటారు ఇంటికి చేర్చావు, మంచిదే. కానీ ఇసుక మీదున్న పడవ కడుపులో పిక్కల లోతు నీళ్ళున్నాయి. "అడుగు పగిలింది మామయ్యా, పూడ్చడానికి రెజిన్ జిగురు తెచ్చాను" అన్నావు. ఆ డబ్బా మూత తియ్యకు. నవంబరు 1న ఋషికుల్య నది మొగ దగ్గర తాబేళ్ళ కోసం వేట నిషేధం మొదలైన దగ్గర్నుంచి ఆ పడవ సముద్రం మొహం చూడలేదు. ఒడ్డునున్న దానిలోకి కిందనుంచి నీళ్ళెలా వస్తాయి? అది పైనుంచి పడ్డ వాన.

అనుమానముంటే ఒక చుక్క నాలుక మీద వేసుకో. అయితే అడుగున ఎండిన ఉప్పు ఉంటుంది కాబట్టి వాననీళ్ళు కూడా కాస్త ఉప్పగా తగులుతాయి, కంగారు పడకు. మొత్తం తోడేసి, మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ వాన పడ్డాక రుచి చూడు.

మనవాళ్ళకు వాననీళ్ళంటే లెక్కలేదు. సముద్రాన్ని తట్టుకున్న పడవకు వానొక లెక్కా అంటారు. కర్ర సంగతి మాత్రం తలకిందులు. ఉప్పునీళ్ళలో అది అంత తొందరగా కుళ్ళదు, కుళ్ళబెట్టే బూజుకు ఉప్పు గిట్టదు. మంచినీళ్ళు నిలిస్తే దానికి పండగే. మీ పడవ పైకి ఫైబరే గానీ, మోటారు బిగించే వెనక పలక లోపల ప్లైవుడ్ ఉంది. బోల్టు కన్నాల్లోంచి తడి అక్కడికే చేరుతుంది.

నాది అలాగే పాడైంది. 2021 డిసెంబరులో జవాద్ తుఫాను వచ్చింది గుర్తుందా? దారిలోనే బలహీనపడిందని విని హాయిగా పడుకున్నాను. గాలి తగ్గింది గానీ వాన తగ్గలేదు. నా పడవకు అడుగు బిరడా, అదే నీళ్ళు పోయే కన్నానికి వేసేది, బిగించే ఉంది. పది సెంటీమీటర్ల వాన పడితే చదరపు మీటరుకు వంద లీటర్లు. పడవ నోరు పది చదరపు మీటర్లనుకో, వెయ్యి లీటర్లు, అంటే ఒక టన్ను. సముద్రంలో ఉంటే నీళ్ళు అడుగంతా కలిపి ఎత్తి పట్టుకుంటాయి. నాదేమో రెండు కొబ్బరి దుంగల మీద కూర్చుంది. బరువంతా ఆ రెండు చోట్లే. తోడి చూస్తే సరిగ్గా దుంగల దగ్గరే వెంట్రుకంత చీలిక. వెనక పలకలో స్క్రూడ్రైవర్ గుచ్చితే నానిన అటుకుల్లోకి దిగినట్టు దిగింది. మీ అత్త ఆ సంగతి ఇప్పటికీ ఎత్తుతుంది.

ముందు బిరడా తీసెయ్. ముక్కు వైపు దుంగ ఒక జానెడు ఎత్తు పెట్టు, నీళ్ళు వాటంతటవే వెనక్కి జారి కన్నంలోంచి పోతాయి. కన్నానికి లోపలి వైపు పాత వల ముక్క కట్టు, లేకపోతే సరుగుడు ఆకులు, ఇసుక చేరి మూసుకుపోతుంది. తీసిన బిరడాను ఇంట్లో పెట్టిన మోటారు తాడుకే కట్టు. మోటారు బిగించేటప్పుడు అది కంట్లో పడాలి. బిరడా మరిచిపోయి పడవ దింపినవాళ్ళను ఇద్దర్ని చూశాను, అందులో ఒకణ్ణి నేనే.

ఇక ముక్కు వైపున్న కప్పు కిందికి నీళ్ళు ఎక్కడ దిగుతున్నాయో పట్టుకోవాలి. తెరకొయ్య తీసిన కన్నం మీద నాకు మొదటి అనుమానం. దాని మీద ప్లాస్టిక్ గిన్నె బోర్లించి, పాత సైకిల్ ట్యూబుతో బిగించు. అది కాకపోతే ఆ కప్పు మీది బోల్టులు. దీనికి అమ్మనడిగి గుప్పెడు ముగ్గుపిండి తీసుకో. కప్పు కింద లోపలి గోడలు గుడ్డతో పొడిగా తుడిచి, పిండి పల్చగా అద్దు. బయట ఒకరు చెంబుతో ఒక్కో బోల్టు మీద నిదానంగా పోయాలి, లోపల నువ్వు టార్చి పట్టుకుని చూడాలి. దిగువనుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళండి. పైనుంచి పోస్తే కారిన నీళ్ళు కింది వాటి మీదుగా పోయి ఏది దొంగో తేలదు. తెల్లటి పిండిలో నల్లటి గీత కనబడుతుంది. ఆ గీత పైకొసే నీకు కావాల్సిన చోటు. ఒక్క బోల్టు దగ్గర పది నిమిషాలు ఆగు, కొన్ని చోట్ల నీళ్ళకు తీరిక ఎక్కువ.

టార్పాలిన్ పడవ మీద పక్కలా పరిచేస్తే మధ్యలో చెరువవుతుంది. మధ్యలో ముక్కునుంచి వెనకదాకా వెదురు ఎత్తుగా వేసి ఇంటి కప్పులా వాలు తెప్పించు. ముందూ వెనకా గాలి ఆడేలా వదిలెయ్, బిగించేస్తే లోపల చెమట పట్టి బూజే. తాళ్ళు దుంగలకు కట్టొద్దు, గాలికి టార్పాలిన్ గుంజితే దుంగే జారుతుంది. తుఫాను హెచ్చరిక వస్తే గుడ్డ తీసి మడిచెయ్.

బ్యాటరీ పంపు పెడతానన్నావు. వద్దు. బ్యాటరీ దిగిపోయేది సరిగ్గా వాన పడేరోజే.

తోడాక పడవ పక్కలు చిన్న సుత్తితో తట్టి విను. టంగుమంటే పొడి. డబ్‌డబ్‌మంటే పడవ తేలడానికి లోపల నింపిన ఫోమ్ నీళ్ళు తాగి ఉండొచ్చు, ఆ చోట సుద్దతో గుర్తు పెట్టు, నేనొచ్చి చూస్తాను. నీళ్ళు మాత్రం ఈరోజే తోడు. వారం పైన నిలిస్తే దోమలు పుడతాయి, పక్కింట్లో పసిబిడ్డ ఉంది.

మే 31తో తాబేళ్ళ నిషేధం అయిపోయినా, ఏప్రిల్ 15నుంచి ఉండే వేసవి నిషేధం జూన్ 14 దాకా ఉంటుంది. ఏడున్నర నెలలు ఒడ్డునే. కాబట్టి వాన పడిన ప్రతిసారీ ఒక్కసారి వెళ్ళి ఆ కన్నంలోంచి చుక్కలు పడుతున్నాయో లేదో చూసిరా.

ఆదివారం బరంపురం బస్సు పట్టుకుని వస్తాను. రెజిన్ డబ్బా అలాగే ఉంచు, కొట్టువాడు వాపసు తీసుకుంటాడు. బిల్లు ఉందిగా?

మీ మామయ్య