తాళంచెవి ఎవరి దగ్గరుంది, అల్లుడూ?

తిరుపతి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

రెండు లక్షలు క్రిప్టోలో పెట్టాలనుకుంటున్నావని, కంపెనీ నడిపే మామూలు ఎక్స్ఛేంజీలో కొనాలా, మధ్యలో కంపెనీ లేకుండా కోడ్ నడిపే డెక్స్‌లో కొనాలా అని తేల్చుకోలేకున్నావని చిత్తూరు నుంచి మీ అమ్మ చెప్పింది. ముందు ఆ రెండు లక్షలను ఇరవై వేలకు దించు. మిగతాది తర్వాత చూద్దాం.

కొండ మీద దర్శనానికి పోయేటప్పుడు సెల్‌ఫోన్ కౌంటర్లో ఇచ్చి రసీదు తీసుకుంటాం కదా, ఎక్స్ఛేంజీ యాప్‌లో నీ పేరు మీద కనిపించే బిట్‌కాయిన్ ఆ రసీదులాంటిదే. అసలు సరుకూ తాళంచెవీ వాళ్ల చేతిలో ఉంటాయి. కొండ మీద మన ఫోన్ మనకు తిరిగొస్తుందనే ధీమా ఉంది, ఇక్కడ అంత ధీమా వద్దు. జనం దాచుకున్న సొమ్మును యజమాని తన ఇంకో కంపెనీకి మళ్లించడంతో ఎఫ్‌టీఎక్స్ అనే విదేశీ ఎక్స్ఛేంజీ 2022 నవంబరులో దివాలా తీసింది. 2024 జులైలో మన దేశపు ఎక్స్ఛేంజీ వజీర్‌ఎక్స్ నుంచి హ్యాకర్లు సుమారు 23 కోట్ల డాలర్లు కొట్టేశాక, ఖాతాదారులు తమ క్రిప్టోను ఏడాదికి పైగా బయటికి తీసుకోలేకపోయారు.

యూనిస్వాప్ లాంటి డెక్స్‌లో ఆ భయం లేదు. తాళంచెవి నీ దగ్గరే ఉండే వాలెట్ అనే యాప్‌లోనే నీ నాణేలు ఉంటాయి, మార్పిడి అంతా కోడ్ చేస్తుంది. కానీ అక్కడ టోకెన్, అంటే కొత్త నాణెం, ఎవరైనా అమ్మకానికి పెట్టొచ్చు. 2021లో ఒక రాత్రి నేను టోకెన్ పేరు కొట్టి, పైన కనిపించినదాన్ని 18 వేలకు కొనేశాను. పేరు అదే, బొమ్మ అదే, ఏది అసలుదో చెప్పే గుర్తింపు సంఖ్య, అదే కాంట్రాక్ట్ అడ్రస్, మాత్రం వేరు. పొద్దున అమ్మబోతే ఎన్నిసార్లు నొక్కినా లావాదేవీ ఫెయిల్ అవుతూనే ఉంది. అడుగుదామంటే అవతల మనిషే లేడు. చాన్నాళ్లు మీ అత్తకు కూడా చెప్పలేదు.

కాబట్టి నువ్వు కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిఘా విభాగమైన ఎఫ్‌ఐయూలో నమోదైన మన దేశపు ఎక్స్ఛేంజీతోనే మొదలుపెట్టు. డెక్స్ ఎలాగూ నేరుగా రూపాయలు తీసుకోదు. తక్కువకిస్తానంటూ టెలిగ్రామ్‌లో యూఎస్‌డీటీ (డాలరు విలువకు కట్టిన క్రిప్టో) అమ్మేవాళ్ల జోలికి అసలు పోవద్దు. ఆ లావాదేవీల్లో ఎవరో మోసపోయిన డబ్బు చేతులు మారితే, సైబర్ పోలీసులు నీ బ్యాంకు ఖాతానే ఆపేస్తారు.

ఎక్కువ కాలం ఉంచుకునేదాన్ని సొంత వాలెట్‌కు మార్చుకో. ముందు ఐదొందల విలువ పంపు, నాణెం వెళ్లే దారి, అంటే నెట్‌వర్క్ పేరు, రెండు వైపులా ఒకటేనా చూడు, అది చేరాకే మిగతాది పంపు. వాలెట్ ఇచ్చే 12 పదాలే నీ తాళంచెవి, వాటిని కాగితం మీద వరుస తప్పకుండా రాసి బీరువాలో పెట్టు. ఫోటో తీయొద్దు, వాట్సాప్‌లో నీకు నువ్వే పంపుకోవద్దు. ఇదంతా చేతికి అలవాటయ్యాకే డెక్స్. దానికి వేరే చిన్న వాలెట్ పెట్టుకో. నీ వాలెట్లోంచి టోకెన్లు తీసుకోవడానికి డెక్స్ అనుమతి (అప్రూవ్) అడిగినప్పుడు కావలసినంతకే ఇవ్వు.

పన్ను రెండు చోట్లా ఒకటే, లాభం మీద 30 శాతం. ఒక క్రిప్టోలో వచ్చిన నష్టాన్ని ఇంకో క్రిప్టో లాభంలో తీసేయనివ్వరు. ఎక్స్ఛేంజీ ఒక శాతం టీడీఎస్ పట్టి లెక్క ఇస్తుంది. డెక్స్‌లో ఆ లెక్కంతా నువ్వే రాసుకోవాలి, తేదీతో సహా.

సంక్రాంతికి వస్తావు కదా, ఆ కాగితం వెంట తెచ్చుకో. డబ్బు వేయకముందే నీ వాలెట్ యాప్ తీసేసి, ఆ 12 పదాలతో మళ్లీ తెరవాలి. నువ్వే చెయ్యి, నేను పక్కన కూర్చుంటాను. పదాలు మాత్రం నాకు కూడా చూపించొద్దు.

మీ మామ