మాస్టారూ, ఆ అర్జీలో మీ అబ్బాయి సంతకం ఏది?

ఉత్తరం: నాకు 71 ఏళ్ళు. తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి 2012లో రిటైరయ్యాను. రెండేళ్ళ క్రితం మా ఆవిడ పోయాక హైదరాబాద్ నిజాంపేటలో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మనవడికి 12 ఏళ్ళు. స్కూలు నుంచి రాగానే ఫోన్లో తుపాకుల గేమ్. రాత్రి పదింటికి తండ్రి కూడా పక్కన చేరతాడు, గది తలుపేసుకుని ఇద్దరూ ఆడతారు, నవ్వులు హాల్లోకి వినిపిస్తాయి. మొన్న భోజనాల దగ్గర వాడు వేలితో నాకు గురిపెట్టి "తాతయ్యా, నువ్వు నాక్" (దెబ్బతిని పడిపోయావని) అన్నాడు. చెయ్యెత్తాను. మా అబ్బాయి నా చెయ్యి పట్టుకుని "నన్ను కొట్టింది చాలు నాన్నా" అన్నాడు. పెద్దవాళ్ళ మీదే ఈ గేమ్స్ ప్రభావం ఇలా ఉంటే పిల్లల గతేమిటి? వీటిని ప్రభుత్వం నిషేధించాలని 140 సంతకాలతో అర్జీ తయారుచేశాను, కాపీ పంపుతున్నాను. ఇది రాష్ట్రానికివ్వాలా, కేంద్రానికివ్వాలా? హైకోర్టులో పిల్ వేయవచ్చా?
– ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్

మాస్టారూ, నమస్కారం.

మీరడిగింది ముందు చెప్పేస్తాను, ఎక్కువ టైం పట్టదు. ఒక గేమ్‌ని దేశమంతా ఆపాలంటే కేంద్రమే ఆపాలి, ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద. సోమవారం కలెక్టరాఫీసులో ప్రజావాణికి పట్టుకెళ్తే తీసుకుని రసీదిస్తారు, అక్కడితో సరి. మీ ఎంపీ చేతికివ్వండి, పార్లమెంటులో అడగమనండి. పిల్ సంగతి లాయర్ని అడగాలి. ఇంతే. మీ ఇంట్లో భోజనాల దగ్గర జరిగినదానికీ దీనికీ నాకైతే పెద్ద సంబంధం కనపడలేదు.

మీ ఉత్తరం నాలుగు పేజీలు, ఇక్కడ కుదించి వేశాం కానీ నేను మాత్రం మొత్తం మూడుసార్లు చదివాను. మనవడి గురించి పేజీన్నర ఉంది, గేమ్ గురించి ఒక పేజీ, ప్రభుత్వం ఏం చేస్తోందని ఇంకో పేజీ. కన్నకొడుకు అన్న మాట గురించి మాత్రం రెండంటే రెండు లైన్లు, అవి కూడా గేమ్స్ వల్ల వచ్చే చెడుకి ఉదాహరణగా రాశారు. అర్జీలోనూ ఎక్కించారు, "పెద్దలలో సైతం పెరుగుతున్న దురుసుతనం" అని. అది చదివి నాకు నిజంగా బాధేసింది మాస్టారూ. ఇంటి లోన్ కట్టుకుంటున్న మనిషి, పెళ్ళాంబిడ్డల ముందు, కలిపిన అన్నం కంచంలో ఉండగా, నన్ను కొట్టింది చాలు నాన్నా అన్నాడంటే ఆ మాట ముందు రోజు రాత్రి ఆడిన గేమ్‌లోంచి రాలేదు. ముప్పై ఏళ్ళుగా గొంతులో ఉన్న మాట అది, మీ చెయ్యి మళ్ళీ లేచింది చూసి బయటికొచ్చింది.

"బెత్తంతోనే వాణ్ణి ఇంజనీర్ని చేశాను" అని రెండో పేజీలో మీరే రాశారు. ఆయన చదివింది మీ స్కూల్లోనే కదా. మన ఊళ్ళల్లో పెరిగిన వాళ్ళందరికీ తెలుసు, క్లాసులో పదిమందికి తలో దెబ్బ పడితే మేష్టారి కొడుక్కి రెండు పడేవి, నా కొడుకని వదిలేశానని ఎవరూ అనకూడదని. మధ్యాహ్నం ఊరందరి పిల్లల ముందు కొట్టించుకుని సాయంత్రం అదే మేష్టారి సైకిల్ వెనక కూర్చుని ఇంటికి రావాలి ఆ పిల్లాడు, దారంతా ఏం మాట్లాడతాడు చెప్పండి.

మీరు చట్టాన్ని నమ్ముకున్న మనిషి కాబట్టి చట్టం సంగతే మాట్లాడతాను. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది, 17వ సెక్షన్లో బళ్ళో పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా హింసించకూడదు అని స్పష్టంగా ఉంది. మీరప్పటికింకా సర్వీసులోనే ఉన్నారు. మీ స్కూల్లో బెత్తాలు నిజంగా ఏ రోజు ఆగాయో నాకంటే మీకే బాగా తెలుసు. ఆ చట్టం రావడం చాలా మంచిదైంది, నేనైతే దానికి దండం పెడతాను. కానీ అది బడి గేటు దగ్గరే ఆగింది, మీ ఇంటి గడప దాటి లోపలికి రాలేదు, వచ్చేనాటికి మీ అబ్బాయి ఎలాగూ పెద్దవాడైపోయాడు. ఇప్పుడు మీరు కోరుతున్న చట్టమైనా అంతేనండీ.

ఇంతవరకూ ఏం జరిగిందో చూడండి. మీరు గేమ్ పేరు రాయలేదు గానీ పారాచూట్‌లో దిగడం, నాక్, స్క్వాడ్ అని రాసినదాన్ని బట్టి పబ్జీ బాపతే అనుకుంటున్నాను. 2019 జనవరిలో పరీక్షా పే చర్చలో ఒక తల్లి కొడుకు ఆన్‌లైన్ గేమ్స్ గోల చెప్పుకుంటుంటే, పబ్జీవాలాయేనా అని ప్రధానే అడిగారు, హాలంతా నవ్వారు. రెండు నెలలు తిరక్కుండానే రాజ్‌కోట్‌లో పోలీసులు ఆ గేమ్‌ని నిషేధించి, ఆడుతున్న కాలేజీ కుర్రాళ్ళని అరెస్టు చేశారు, ఫోన్లో ఆడినందుకు పిల్లల మీద కేసులు, అది మాత్రం నాకిప్పటికీ మింగుడుపడదు. 2020 సెప్టెంబర్ 2న దేశమంతా ఆపేశారు, చైనాతో సంబంధమున్న 118 యాప్స్‌లో ఒకటిగా. ఎందుకు ఆపారో ఆర్డర్లో ఉంది, దేశ సార్వభౌమత్వం, భద్రత, జనం డేటా. అప్పటికి చైనా సరిహద్దులో గల్వాన్ గొడవ జరిగి మూడు నెలలు కూడా కాలేదు. పిల్లలు పాడైపోతున్నారని తల్లిదండ్రులు మొత్తుకుంటే దేశం మొత్తమ్మీద ఆగని గేమ్ సరిహద్దు గొడవతో ఆగింది. 2021 జులైలో కొత్త పేరుతో తిరిగొచ్చింది, రక్తం రంగు ఎర్రది తీసేసి ఆకుపచ్చ పెట్టి. 2022 జులైలో మళ్ళీ స్టోర్లలోంచి తీసేశారు, 2023 మేలో మళ్ళీ పెట్టారు. 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేశారు కదా అంటారేమో, అది డబ్బులు పెట్టి ఆడే ఆటల మీద, మీ మనవడి ఆట దాని కిందికి రాదు.

బయట దేశాల్లోనూ ఇదే తంతు. కాలిఫోర్నియాలో 2005లో హింస ఎక్కువున్న గేమ్స్ 18 లోపు వాళ్ళకి అమ్మితే వెయ్యి డాలర్ల దాకా ఫైన్ అని చట్టం చేశారు, 2011లో అమెరికా సుప్రీంకోర్టు 7-2తో కొట్టేసింది, ఈ గేమ్స్ వల్లే పిల్లలు హింసకి దిగుతున్నారని ప్రభుత్వం రుజువు చెయ్యలేకపోయిందనేది అందులో ఒక కారణం. మీరు గేమ్స్ వల్లే మా వాడు ఎదురుతిరిగాడని గట్టిగా రాశారు కాబట్టి ఇది చెప్తున్నా. దక్షిణ కొరియాలో 16 లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి పొద్దున ఆరు దాకా ఆడకూడదని 2011లో పెట్టి పదేళ్ళకి వాళ్ళే ఎత్తేశారు. చైనాలో 2021 నుంచి 18 లోపు వాళ్ళకి శుక్ర, శని, ఆదివారాల్లోనూ పండగ సెలవుల్లోనూ గంట చొప్పున, అంతే, ముఖం స్కాన్ చేసి మరీ చూస్తారు. అంత ప్రభుత్వం కాపలా ఉండి కూడా పిల్లలు తాతయ్యలవీ నాన్నమ్మలవీ అకౌంట్లు పెట్టుకుని ఆడుకున్నారు.

అలాగని చట్టం వద్దని నేననడం లేదు, అపార్థం చేసుకోకండి. పిల్లల దగ్గర తుపాకీ బొమ్మలకీ డ్రెస్సులకీ డబ్బులు గుంజే కంపెనీలని ప్రభుత్వమే పట్టుకోవాలి, వయసు చెకింగ్ పకడ్బందీగా ఉండాలి, మీ అర్జీలో ఆ రెండు పాయింట్లకి నేనూ సంతకం పెడతాను. కానీ 18 లోపు పిల్లలకి రోజుకి మూడు గంటలే, ఖర్చు 7,000 దాటకూడదు, పెద్దవాళ్ళ ఫోన్ నంబర్ ఇవ్వాలి అని 2021లో ఆ గేమ్ తిరిగొచ్చినప్పుడే కంపెనీ వాళ్ళే రూల్స్ పెట్టారు. మీ ఇంట్లో ఆ నంబర్ ఎవరిది? మీ అబ్బాయిదే అయ్యుంటుంది. అంటే ఏ రూల్ పెట్టినా చివరికి వచ్చి ఆగేది మీ అబ్బాయి చేతిలో ఫోన్ దగ్గర, ఆ అబ్బాయితో మీకు మాటల్లేవు.

తలుపేసుకుని ఇద్దరూ ఆడతారు, నవ్వులు హాల్లోకి వినిపిస్తాయి అని రాశారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. ఆ లైన్ రాసేటప్పుడు మీ మనసులో ఉన్నది గేమ్ కాదేమో అనిపించింది. రాత్రి పదింటికి హాల్లో ఒక్కరే దీవాన్ మీద కూర్చుని, టీవీ సౌండ్ తగ్గించి, లోపల కొడుకు తన కొడుకుతో నవ్వుతుంటే వింటున్నారు. మీరు మీ అబ్బాయితో అలా ఎప్పుడైనా నవ్వారా మాస్టారూ? తప్పు పట్టడానికి అడగట్లేదు, మీ కాలంలో తండ్రులెవరూ నవ్వలేదు, మా నాన్న కూడా నవ్వలేదు. మా నాన్నతో నేను ఆఖరిసారి మాట్లాడింది బస్సు టైం గురించి. ఫోన్ అమ్మ ఎత్తేది, అన్నీ అమ్మతో చెప్పేదాన్ని, పక్కన నాన్న వింటూ ఉండేవారు, "నాన్నగారు అడుగుతున్నారే, ఎన్నింటికి దిగుతావు" అని అమ్మే అడిగేది. మీ ఇంట్లోనూ ఆవిడే ఆ పని చేసి ఉంటారు, మీ మాట వాడికీ వాడి మాట మీకూ మోసి. రెండేళ్ళుగా మోసే మనిషి లేదు. మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ ఆవిడ పోయిన దుఃఖం గురించి కూడా ఒక్క మాట అనుకుని ఉండరు, నేను పందెం వేసి చెప్తాను. అందుకే మీకిప్పుడు కొడుకుతో మాట్లాడాలంటే కలెక్టరూ కేంద్ర ప్రభుత్వమూ కావలసివస్తున్నాయి.

మీ అబ్బాయి చేస్తున్నది సరైనదని కూడా అనను. పన్నెండేళ్ళ పిల్లాణ్ణి తెల్లారితే స్కూలుండగా రాత్రి పదింటికి గేమ్‌కి కూర్చోబెట్టడం తప్పు, అది ఆయన ఆఫీసు అలసట తీర్చుకోవడానికి పిల్లాడి నిద్ర వాడుకోవడమే. మీ దగ్గర దొరకనిది వాడికి ఇవ్వాలనే చేస్తున్నాడేమో, అయినా ఎలా ఇస్తున్నాడనేది చూసుకోవాలి. ఆడితే హాల్లో, తలుపులు తీసి, ఇయర్‌ఫోన్స్ లేకుండా, తొమ్మిదికల్లా ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి బయటే ఉంచడం, యాప్‌లో వయసు రేటింగ్ ఎంతుందో తండ్రి చదవడం, కార్డు దేనికీ లింక్ అయి లేకుండా చూసుకోవడం, ఇవన్నీ తండ్రి చెయ్యాలి. మీరు చెయ్యకూడదు. మీరు చేస్తే మళ్ళీ పాత హెడ్మాస్టరే అవుతారు, పిల్లాడు మీకు దొరక్కుండా ఆడటం నేర్చుకుంటాడు. తిండీ చదువూ స్నేహితులూ అన్నీ వదిలేసి నెలల తరబడి దాని మీదే ఉంటే మాత్రం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని జబ్బుల లిస్టులో చేర్చింది. మీరు రాసినదాన్ని బట్టి మీ వాడు సాయంత్రం కింద క్రికెట్‌కి దిగుతున్నాడు, క్లాసులో బాగానే ఉన్నాడు, అంత దూరం పోలేదు. వేలితో గురిపెట్టి నాక్ అనడం మీకు అవమానంగా తోచింది, వాడికది ఆటలోకి మిమ్మల్ని పిలవడం. గేమ్‌లో నాక్ అయిన వాణ్ణి పక్కవాడు వచ్చి లేపుతాడటండీ, మా మేనల్లుడు చెప్పాడు. "అయితే లేపరా మరి" అని ఉంటే పోయేది.

కోడలి గురించి ఒక్క ముక్క. అర్జీ మూడో పేరాలో "ఉద్యోగాలు చేసే తల్లుల నిర్లక్ష్యం" అని రాశారు. పొద్దున ఏడున్నరకి ఆఫీసు క్యాబ్ ఎక్కే లోపల మీకు ఉప్పు లేకుండా విడిగా కూర చేసి పెడుతుందని మీరే రాశారు. ఆ లైన్ కొట్టేయండి, చర్చ అక్కర్లేదు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. తండ్రి కొడుక్కి క్షమాపణ చెప్పడం మన ఇళ్ళల్లో లేదు, తెలుసు, మీకు నోరు రాదు. కాళ్ళావేళ్ళా పడమని నేనూ అనను, పెద్దవాళ్ళ గౌరవం పెద్దవాళ్ళకి ఉండాలి. కానీ చెయ్యి ఎత్తింది మీరు, కాబట్టి ముందు మాట్లాడాల్సిందీ మీరే. ఆదివారం పొద్దున పాలకి మీ అబ్బాయే వెళ్తాడన్నారు కదా, చెప్పులేసుకుని మీరూ వెళ్ళండి. ఎదురెదురుగా కూర్చుంటే ఇద్దరికీ కష్టం, పక్కపక్కన నడుస్తుంటే మాట వస్తుంది. "నిన్ను చాలా కొట్టాన్రా, కొట్టకుండా ఉండాల్సింది" అని ఆ ఒక్క ముక్క అనండి. నీ మంచికే, నువ్వు ఇంజనీరయ్యావు, మా నాన్న నన్ను ఇంతకంటే కొట్టాడు, ఇలాంటివేవీ దానికి తగిలించొద్దు. వాడు ఏమీ అనకపోవచ్చు. పాల ప్యాకెట్ల లెక్క మాట్లాడొచ్చు. మాట్లాడనివ్వండి.

అర్జీ కాపీలో 140 సంతకాలూ ఒక్కొక్కటీ చూశాను. వాకింగ్ ఫ్రెండ్స్‌వి ఉన్నాయి, అపార్ట్‌మెంట్ సెక్రటరీది ఉంది, వాచ్‌మన్ వేలిముద్ర కూడా ఉంది. మీ ఫ్లాట్ నంబర్ ఎదురుగా మాత్రం మీ ఒక్కరి సంతకమే ఉంది. ఎంపీకి ఇచ్చే ముందు ఆ కాగితాలు మీ అబ్బాయి చేతిలో పెట్టండి, చదవమనండి, తుపాకుల గేమ్ సంగతి మీ ఇంట్లో అందరికంటే వాడికే బాగా తెలుసు. మీ ఎర్ర పెన్ను కూడా ఇవ్వండి. ఎక్కడెక్కడ కొట్టేస్తాడో కొట్టెయ్యనివ్వండి, మీరు పక్కన కూర్చుని చూడండి.