మీ యంత్రం, మా జవాబు: కొత్త బేరింగు ఆరు నెలలకే ఎందుకు పోయింది?

ప్రశ్న: మాది బండల పాలిషింగ్ యూనిట్. రాతి బురద, ముక్కలు ఎత్తడానికి స్కిడ్ స్టీర్ లోడరు వాడుతున్నాం. ఎడమ వెనక చక్రం ఊగుతోంది, హబ్ దగ్గర నూనె కారుతోంది. ఆరు నెలల కిందటే ఆ చక్రానికి బేరింగులు మార్పించాం. మళ్లీ ఎందుకిలా అయింది? ఈసారి మా మెకానిక్ చేతే చేయించవచ్చా?
– తాడిపత్రి, అనంతపురం జిల్లా

జవాబు: చేయించవచ్చు. అయితే పాత బేరింగు దేనివల్ల పోయిందో తేల్చకుండా కొత్తది ఎక్కిస్తే మళ్లీ ఆరు నెలలకు ఇదే జాబు రాయాల్సి వస్తుంది.

ఈ బండికి చక్రాలు పక్కకు తిరగవు. ఒక వైపు చక్రాలు వేగంగా, రెండో వైపువి నిదానంగా తిరిగితే బండి టైర్లను నేలమీద ఈడ్చుకుంటూ మలుపు తీసుకుంటుంది. ఆ ఈడ్పు యాక్సిల్ మీద అడ్డంగా పడుతుంది. దాన్ని తట్టుకోవడానికే హౌసింగులో (యాక్సిల్ దూరే గొట్టంలో) రెండు టేపర్ రోలర్ బేరింగులు ఎదురెదురుగా కూర్చోబెడతారు. బయటి బేరింగుకు, మీ యూనిట్‌లోని బురదకు మధ్య ఉన్నదల్లా ఒక ఆయిల్ సీలు. రాతి బురద హబ్ వెనక ఎండి గట్టిపడితే సీలు పెదవిని, షాఫ్టును (యాక్సిల్ కడ్డీని) రెండింటినీ అరగదీస్తుంది. నూనె బయటికి వచ్చే దారిలోనే దుమ్ము లోపలికి పోతుంది.

ముందు బండిని చదునైన గట్టి నేలమీద నిలిపి, బూమ్ దించి, ఇంజన్ ఆపి, బ్యాటరీ తీగ తీయండి. జాకీతో ఎత్తాక ఫ్రేమ్ కింద గట్టి స్టాండ్లు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి. క్యాబ్ వంచడానికి బూమ్ ఎత్తాల్సిన మోడలైతే దాని లాక్ వేశాకే చేయి పెట్టాలి. ఇప్పుడు టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. హబ్ కదలకుండా చక్రం ఒక్కటే కదిలితే నట్లు వదులయ్యాయని అర్థం. హబ్ కూడా కదిలితే బేరింగు పనే.

చైన్ కేస్ (చక్రాలను తిప్పే చైన్లుండే పెట్టె) నూనె శుభ్రమైన పళ్లెంలోకి దించి, అందులో అయస్కాంతం తిప్పి చూడండి. మీ సమస్యకు మొదట అనుమానించాల్సింది ఇక్కడే. చాలా మోడళ్లలో బేరింగులు, చైన్లు ఒకే నూనెలో తడుస్తాయి. కిందటిసారి పగిలిన బేరింగు రజను కేస్ అడుగున ఉండిపోతే, కొత్త నూనె దాన్నే తీసుకెళ్లి కొత్త బేరింగులో పోస్తుంది. కేస్ అడుగును డీజిల్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాకే పని మొదలుపెట్టండి.

మూత తెరిచి, చైన్ వదులు చేసి, స్ప్రాకెట్ (చైను పట్టే పళ్ల చక్రం) బోల్టు విప్పితే యాక్సిల్ బయటికి వస్తుంది. దాని చివర ఇనుప సుత్తితో కొట్టవద్దు. ఇత్తడి కడ్డీ అడ్డం పెట్టండి, లేదా పుల్లర్ వాడండి.

ఇప్పుడు పాత బేరింగును వెలుతురులో చూడండి. రోలర్లు నీలంగా మారితే వేడెక్కింది: నూనె చాలలేదు, లేదా బిగువు ఎక్కువైంది. కప్పు (బేరింగు బయటి వలయం) మీద రోలర్ల ఎడంతో గుంటలు పడితే దెబ్బ తగిలింది. మసక బూడిద రంగులో సమంగా అరిగితే దుమ్ము చేరింది. కప్పు వెలుపలి వైపు అద్దంలా మెరుస్తుంటే అది హౌసింగులోనే తిరిగింది, బోరు (కప్పు కూర్చునే రంధ్రం) అరిగిపోయింది. అప్పుడు కొందరు బోరు లోపల పంచ్‌తో చుక్కలు కొట్టి కప్పు బిగిస్తారు. దయచేసి ఒప్పుకోకండి. ఆ చుక్కలు కొన్నాళ్లకే అణిగిపోయి కప్పు మళ్లీ తిరుగుతుంది. లేత్ మీద బుష్ వేయించండి, లేదా హౌసింగు మార్చండి. సీలు కూర్చునే చోట షాఫ్టు మీద గోటికి తగిలేంత గాడి ఉంటే, ఎంత మంచి సీలు వేసినా కారుతుంది. దానికి రిపేర్ స్లీవ్ దొరుకుతుంది.

కప్పు, కోను (రోలర్లుండే లోపలి భాగం) ఎప్పుడూ జతగానే మార్చండి. రెండింటి మీదా నంబర్లు వేరువేరుగా చెక్కి ఉంటాయి, రెండూ రాసుకుని కొట్టుకు వెళ్లండి. కప్పును కొన్ని గంటలు ఫ్రీజర్‌లో ఉంచితే తేలిగ్గా దిగుతుంది. కోనును నూనెలో 100 డిగ్రీల దాకా వేడి చేయండి, 120 దాటనివ్వవద్దు. గ్యాస్ మంట చూపిస్తే ఉక్కు గట్టిదనం పోతుంది. సీలు ప్రధాన పెదవి నూనె వైపు ఉండాలి. షాఫ్టు గాళ్ల మీద టేపు చుట్టి సీలు దాటించండి, లేకపోతే పెదవి అక్కడే తెగుతుంది.

ఇక బేరింగుల బిగువు. షాఫ్టును తిప్పుతూనే బిగించాలి, అప్పుడే రోలర్లు సరిగ్గా కూర్చుంటాయి. బిగువు సరిచేయడానికి కొన్ని మోడళ్లకు షిమ్ములు (పల్చని రేకు వలయాలు), కొన్నింటికి నట్టు ఉంటాయి. బిగువు కొలవడానికి, చైన్ తగిలించకముందే హబ్‌కు పురికొస చుట్టి, స్ప్రింగ్ త్రాసుతో లాగండి. షాఫ్టు నిలకడగా తిరిగేటప్పటి అంకె చూడాలి, మొదటి కుదుపుది కాదు. హబ్ వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు, త్రాసు 3 కిలోలు చూపితే సుమారు 3 న్యూటన్ మీటర్లు. ఎంత ఉండాలన్నది మీ మోడల్ సర్వీసు పుస్తకంలో ఉంటుంది. ఆ అంకె సీలుతోనా, సీలు లేకుండానా అన్నదీ చూసుకోండి. చేతి అంచనాతో బిగించడమే చాలా బేరింగుల ప్రాణం తీస్తోంది.

పది గంటలు నడిచాక చక్రం నట్లు ఎదురెదురుగా మళ్లీ బిగించండి. నాలుగు హబ్బులూ తాకి చూడండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే దాని బిగువు మళ్లీ కొలవాలి.

ప్రశ్న: బండి ఒరగకుండా ఉండాలని రిమ్ములు తిరగేసి బిగించాం. ఎడమ వైపు ముందు కొత్త టైరు, వెనక అరిగినది. దీనివల్ల బేరింగులకు నష్టమా?
– ఎర్రగుంట్ల, కడప జిల్లా

జవాబు: రెండూ నష్టమే. రిమ్ము తిరగేస్తే బరువు బయటి బేరింగును దాటి ఇంకా దూరంగా వేలాడుతుంది, బేరింగుల మీద వంపు పెరుగుతుంది. తయారీదారు అనుమతించిన రిమ్మే వాడండి. టైర్ల సంగతి ఇంకా ముఖ్యం. ఒక వైపు రెండు చక్రాలూ చైన్లతో ఒకే వేగంతో తిరుగుతాయి. టైర్ల చుట్టుకొలత తేడా ఉంటే నేరుగా వెళ్తున్నప్పుడు కూడా ఒకటి నేలను గీరుతూనే ఉంటుంది. ఆ లాగుడు చైనుకు, బేరింగుకు పడుతుంది. ఒక వైపు రెండింటినీ జతగా మార్చండి, గాలి సమంగా పెట్టండి.

ప్రశ్న: రోజూ సాయంత్రం ప్రెషర్ వాటర్‌తో కడుగుతాం. మంచిదేనా?
– కర్నూలు

జవాబు: కడగండి, కానీ హబ్ మీదికి ధార నేరుగా కొట్టకండి, నీళ్లు సీలు దాటిపోతాయి. ఆ చోట చెక్క పుల్లతో గీకి, మామూలు పైపు నీళ్లు పోస్తే చాలు. చైన్ కేస్ నూనె పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టే. వెంటనే దించి, కొత్తది పోసి, సీలు మార్చండి.