సాలిడ్‌వర్క్స్‌లో బ్రాకెట్ హోల్స్ వాటంతట అవే పక్కకి జరిగిపోతుంటే ఏం చూడాలి

బేస్ ప్లేట్ కొలత మారిస్తే మోటార్ బ్రాకెట్ హోల్స్ కూడా పక్కకి జరిగిపోతున్నాయి, లింక్ ఎక్కడుందో దొరకట్లేదు అన్నారు కదండీ. సాలిడ్‌వర్క్స్ అనే 3డి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో బ్రాకెట్‌ను అసెంబ్లీ (పార్టులన్నీ కలిపిన ఫైల్) లోపలే ఎడిట్ చేస్తూ, ప్లేట్ అంచునో హోల్‌నో కన్వర్ట్ ఎంటిటీస్ (ఉన్న అంచును స్కెచ్‌లోకి కాపీ చేసే టూల్) తో తెచ్చుకుంటే ఇలాగే అవుతుంది.

ముందు బ్రాకెట్ ఫీచర్ ట్రీ, అంటే పార్ట్‌లో చేసిన పనులన్నీ వరసగా కనిపించే లిస్ట్, చూడండి. పేరు పక్కన బాణం గుర్తున్న ఫీచర్లు వేరే పార్ట్ మీద ఆధారపడ్డవి. బాణంతో పాటు ప్రశ్నార్థకం ఉంటే ఆ అసెంబ్లీ తెరిచి లేదని, నక్షత్రం ఉంటే లింక్ లాక్ అయిందని, ఎక్స్ ఉంటే తెగిపోయిందని అర్థం. తర్వాత ట్రీలో పైనున్న పార్ట్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌టర్నల్ రిఫరెన్సెస్ తెరవండి. ఏ ఫీచర్ ఏ పార్ట్‌లోని ఏ అంచును పట్టుకుందో అక్కడ కనిపిస్తుంది. లింక్ ఏ అసెంబ్లీలో పుట్టిందో కూడా అందులోనే ఉంటుంది, చాలామంది అది చూడరు. అదే బ్రాకెట్‌ను ఇంకో మెషిన్‌లో కూడా వాడుతుంటే అసలు తంటా అక్కడే, ఇక్కడ ప్లేట్ మారిస్తే అక్కడి బ్రాకెట్ కూడా మారిపోతుంది.

దయచేసి టెన్షన్‌లో అదే విండోలోని బ్రేక్ ఆల్ (లింకులన్నీ తెంచేసే బటన్) నొక్కకండి. తెగిన లింక్ మళ్ళీ అతకదు. లింకులను తాత్కాలికంగా ఆపే లాక్ ఆల్ అయితే ఎప్పుడైనా తీసేయవచ్చు, కాకపోతే లాక్ ఉన్నంతసేపు ఆ పార్ట్‌లో కొత్త బయటి లింకులు పెట్టలేరు. శాశ్వతంగా వదిలించుకోవాలంటే స్కెచ్‌లో డిస్‌ప్లే/డిలీట్ రిలేషన్స్ (స్కెచ్‌లోని లింకుల జాబితా) తెరిచి, బయటి పార్టులకు కట్టినవాటిని తీసేసి, సొంత డైమెన్షన్లు ఇవ్వండి.

బెంగళూరు పీన్యాలో ఫిక్స్‌చర్ల (పార్ట్‌ను కదలకుండా పట్టుకునే అమరికలు) పని చేస్తున్నప్పుడు, ఫైల్ పేర్లు నేరుగా విండోస్ ఫోల్డర్‌లో మార్చి, ఫైళ్ల మధ్య లింకులు పోయి, రెండు రోజుల పని పోగొట్టుకున్నాం. పేర్లు మార్చాలంటే, లింకులు చెడకుండా ఫైళ్లను కొత్త పేర్లతో కాపీ చేసే ప్యాక్ అండ్ గో వాడండి.